గొళ్ళెం సారు

"మీ ప్రాక్సీ నా కొంప ముంచేలా ఉంది సార్!" అంటూ లెక్కల ఇంజినీరు నెట్‌వర్క్ గదిలోకి దూసుకొచ్చింది.

ఆ ఆఫీసులోంచి ఏ ఫైలు బయటకు వెళ్ళాలన్నా నెట్‌వర్క్ చూసుకునే ఆయన కాపలా పెట్టిన ప్రాక్సీ అనే గేటును దాటాల్సిందే. అందుకే ఆయన్ని అందరూ చాటుగా గొళ్ళెం సారు అంటారు. ఆయన తలెత్తకుండా గోడమీది కాగితం వైపు వేలు చూపించాడు. 'ఫిర్యాదులు ఆన్‌లైన్ అర్జీ ద్వారా మాత్రమే. పగటిపూట పెద్ద ఫైలు పంపినవారి నెట్ దానంతట అదే ఆగిపోవును. ఎవరికీ మినహాయింపు లేదు.' కింద ఆయన సంతకం, పెద్దగా, వంకరలు తిరిగి ఉంది.

"మీరు అర్జీ చూసేలోపు నా రైలు వెళ్ళిపోతుంది సార్. వంతెన లెక్కలు క్లౌడ్‌లో పెట్టాకే సెలవన్నారు మేనేజరు, మీ ప్రాక్సీ ఏమో ఫైలు పోనివ్వట్లేదు. చెల్లికి పాప పుట్టింది, ఇంకా మొహమైనా చూడలేదు."

"అందరికీ ఏదో ఒక రైలు ఉంటుందమ్మాయ్."

"పోన్లెండి. దీన్ని బాగుచేయడం మీకూ తెలియదేమో."

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. గొళ్ళెం సారు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

ఆమె బల్ల దగ్గర బ్రౌజరులో క్లౌడ్ నొక్కాడు. ఠక్కున తెరుచుకుంది. లెక్కల సాఫ్ట్‌వేర్‌లోంచి ఫైలు పంపబోతే మాత్రం ఎర్రటి అక్షరాలు పడ్డాయి.

"చూశావా? నా ప్రాక్సీ బంగారం. వంకరంతా నీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది."

"మరి ఆ వంకర తీసిపెట్టండి."

ఆయన సెట్టింగులన్నీ తిరగేసి ఒకచోట ఆగాడు. ప్రాక్సీ చిరునామా ఉంది గానీ, పేరు, పాస్‌వర్డ్ గళ్ళు రెండూ ఖాళీ.

"ఇదీ సంగతి! ఎవరు నువ్వని ప్రాక్సీ అడిగితే బ్రౌజరు పేరు చెబుతుంది. ఇది మూగనోము పట్టి కూర్చుంది. ఇక బయటికెవరు పోనిస్తారు?"

"అయితే నా పేరు కొట్టేస్తా."

"నువ్వు తప్పులు కొడతావు, లే!" ఆయన కుర్చీ లాక్కుని తన పేరూ పాస్‌వర్డూ టకటకా కొట్టాడు. "ఈ పేరు చూస్తే ప్రాక్సీ లేచి నిలబడాలి."

నీలం గీత కదిలింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగానే ఆ చివరికి చేరింది.

"వెళ్ళిపోయింది సార్! పాప పేరు చెప్పి మీకు దండం పెడతాను!" ఆమెకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. గొళ్ళెం సారు ఒళ్ళంతా గర్వంతో తన గదికి వెళ్ళిపోయాడు.

మేనేజరుకి ఫోన్ చేసి ఆమె సంచి భుజాన వేసుకుందో లేదో, గొళ్ళెం సారు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మాయ్, ఆగాగు! నా నెట్ పోయింది. పెద్ద ఫైలు పంపానట!"

"మీరు పెట్టిన రూలేగా, తీసెయ్యండి."

"తియ్యాలంటే నాకు నెట్ ఉండాలి కదా! పుణ్యముంటుంది, నీ కంప్యూటర్లోంచి ఒక అర్జీ పడెయ్."

నవ్వు ఆపుకుంటూ ఆమె మళ్ళీ కూర్చుంది. నాలుగు ముక్కలు కొట్టి, పంపించి, వచ్చిన జవాబు చదివి లేచింది.

"పంపాను సార్, మీరేం కంగారు పడకండి. మీ నెట్ రాగానే మీరే చూస్తారట!"