తాబేలు నాలుగో విద్య

అపార్టుమెంట్ల నీళ్ల తగువులు ఇప్పుడు ఫోన్ ఆటలో పోరాడే మృగాలే తేలుస్తున్నాయి. గెలిచిన బ్లాకుకే ఆ పూట నీళ్లు. బి బ్లాకు తాబేలుకి విద్యలు నేర్పిన పానకాలరావు మొన్న పోయాడు. ఆయన లేక, అది తనంతట తానే పోరాడుతూ, నాలుగో విద్యతో శత్రువు గాయాలే మాన్పుతోంది. రోజూ ఓటమే.

"ఆ విద్య చెరిపెయ్యండి పిన్నిగారూ. పిల్లలకి స్నానాల్లేవు," అంది పక్కింటి హైమ.

పానకాలరావు భార్య వైదేహి తలూపింది. ఇంట్లో ఇద్దరూ ఆడుకునేటప్పుడు, తన ఫోన్లోని పిల్లి ఓడిపోబోతుంటే ఆట అయిపోకూడదని ఆయన నేర్పిన విద్య అది.

చెరిపేముందు పిల్లిని చివరిసారి తాబేలు ఎదుట నిలబెట్టింది. దెబ్బ ఒక్కటీ తగలకపోయినా, తాబేలు వచ్చి దాని ఒళ్లంతా నిమిరింది.

మర్నాడు బి బ్లాకు గెలిచింది. కుళాయి ధారగా పోస్తుంటే, వైదేహి బిందె పెట్టడం మరిచి అలాగే నిలబడిపోయింది.