పాప వివరాలు

సోమవారం ఫ్యామిలీ కోర్టులో జడ్జి ముందు మొదటి సమావేశం. శని, ఆదివారాలు కూతుర్ని తన దగ్గరికి పంపించాలని అడుగుతూ వెండెల్ సడ్‌బరీ ఊళ్ళోని తన అద్దె గదిలో కూర్చుని ఫారాలు నింపుతున్నాడు. పాప వివరాల పేజీ దగ్గర కలం ఆగిపోయింది. చేసేది లేక, విడిపోయిన భార్య కొరీన్‌కి ఫోన్ చేశాడు.

"దాని టీచరు పేరేంటి?"

కొరీన్ కాస్త ఆగి, అక్షరం అక్షరం చెప్పింది.

"తింటే పడనివేమైనా ఉన్నాయా?"

మళ్ళీ ఆగింది. "జీడిపప్పు. కళ్లద్దాల సంగతి కూడా రాసుకో."

"కళ్లద్దాలా? ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళయింది. పుట్టినరోజైనా తెలుసా, అదీ నేనే చెప్పాలా?"

"తెలుసులే." అతని గొంతు తగ్గింది. "ఇదే ఆఖరిది. నా దగ్గరికి రావడం పాపకి ఇష్టమేనా?"

ఈసారి అవతల తలుపు మూసిన చప్పుడు వినబడింది.

"ఫోన్ స్పీకర్లో పెట్టాను, వెండెల్. ఇందాకట్నుంచి అన్నీ అదే నా చెవిలో చెప్తోంది, నేను నీకు అందిస్తున్నా. ఇది అడగ్గానే లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది."

వెండెల్ ఫోన్ పెట్టేశాడు. ఫారంలో పాప ఇష్టం రాయాల్సిన ఆ ఒక్క గడిలో ఏం రాయాలో మాత్రం అతను ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది.