సాగని లంకె

"మళ్ళీ లాగి చూడండి సార్," అంది ఆమె. "పొడి తక్కువ పడింది. పూర్తిగా పడి ఉంటే ఆ గొలుసు తెగేదే కాదు. నాకు తెలుసు."

ఉక్కు ముక్కల్ని యంత్రంతో లాగి బలం పరీక్షించే ల్యాబ్ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పోయిన మనిషి భార్య ఎదురుగా కూర్చుని అడుగుతుంటే ఏ యంత్రమైనా ఏం చెబుతుంది? క్వారీలో రాళ్ళ బకెట్ మోసే గొలుసు అది, ఈ ఫ్యాక్టరీలోనే పోసిన మాంగనీస్ ఉక్కు. అందులో ఒక్క లంకె తెగింది. కింద నిలబడి బకెట్‌ను సర్దుతున్నవాడు ఆమె భర్త.

ఆమె అనుమానమంతా కొలిమి దగ్గర పనిచేసే సొంత అన్న మీదే. కరిగిన ఉక్కులో బలం కోసం వెనేడియం పొడి కలిపేది అతనే. ఖరీదైన సరుకు కదా, సగం మిగుల్చుకుని బయట అమ్ముకున్నాడని ఆమె లెక్క. పలకరించడానికి వస్తే మొహం మీదే తలుపు వేసేసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎండిపోయాయి, తిండి సయించడం లేదు, అన్న మీది కోపమే ఆమెను నిలబెడుతోంది.

పొద్దున్నే ఇప్పటికీ రెండు గ్లాసుల్లో టీ పోస్తోంది. భర్త గ్లాసులో చక్కెర ఎప్పుడూ ఓ చెంచా ఎక్కువే. నీ చేతికి ఎముక లేదే అని వెక్కిరిస్తూనే చుక్క మిగల్చకుండా తాగేవాడు. ఆ రెండో గ్లాసు ఇప్పుడు సింకులో పారబోస్తోంది.

ల్యాబ్ ఆయన టేబుల్ మీద రెండు కడ్డీ ముక్కలు పెట్టాడు. ఒకటి సన్నబడి పొడుగ్గా సాగింది. రెండోది ఉన్నది ఉన్నట్టే ఉండి మధ్యలో విరిగింది.

"ఈ పొడుగుది మామూలు పోత. సాగి సాగి అప్పుడు తెగింది. గొలుసు ఇలాంటిదైతే ముందు సాగేది, మీ ఆయన చూసి పక్కకి తప్పుకునేవాడు. ఈ రెండోది తెగిన లంకెలోంచి తీశాను. పటుక్కుమంది."

"అంటే బలం లేదనేగా సార్."

"బలం ఎక్కువే ఉందమ్మా. పోయింది సాగే గుణం. వెనేడియం చిటికెడు పడితే ఉక్కుకి మేలు. మోతాదు మించిందంటే బిగుసుకుపోయి పెళుసవుతుంది. ఒక్క కుదుపు చాలు. ఇందులో పొడి తక్కువ పడలేదు, ఎక్కువ పడింది."

ఆమె ఆ విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుంది. ఎక్కువైతే కూడా చెడుతుందా అని నెమ్మదిగా అడిగింది. ఆయన ఆమె వైపు చూడకుండా తలూపి, ఇంక ఈ సంగతి వదిలెయ్యమన్నాడు. స్టోర్స్‌లో తక్కెడ ముందు ఆమె స్టూలు అలాగే ఉందనీ, వచ్చి పనిలో చేరమనీ చెప్పాడు.

ఆమె వదల్లేదు. నేరుగా గేటు దగ్గరికి నడిచింది. పనిలోంచి తీసేసిన అన్న, బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చిక్కి సగమైపోయాడు. చెల్లెల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదేనని మేనేజరుకి చెప్పేశాను. పోలీసులు వస్తున్నారట. నువ్వు ఇంటికెళ్ళు."

"ఎందుకు ఎక్కువ వేశావ్ అన్నయ్యా?"

భర్త పోయాక ఆమె నోట ఆ పిలుపు రావడం అదే మొదటిసారి. ఆమె అతని చొక్కా పట్టుకుని కుదిపింది.

"ఈ గొలుసు మీ బావ పనిచేసే చోటికేనని పోత పోసే రోజు పొద్దున నాతో చెప్పింది నువ్వే కదా. తెలిసి తెలిసి ఆయన నెత్తి మీదికి ఎలా తెచ్చావ్?"

"నేను వేసింది ఒక్క పొట్లమే చెల్లీ," అన్నాడతను. "స్టోర్స్ నుంచి తూచి వచ్చిన పొట్లాన్ని మళ్ళీ తూచే అలవాటు మాకు లేదు. విప్పాను, ఉన్నదంతా పోశాను. ఇంక నన్నేమీ అడగొద్దు. ఇంటికెళ్ళు."

ఆమె చొక్కా వదిలేసి తన అరచేతుల వైపు చూసుకుంది.

ఆ పొట్లంలో పిడికెడు ఎక్కువ వేసి కట్టింది ఆమే.