రెండు గీతలు

ఆసుపత్రి రికార్డుల గదిలోకి ఎవరో పెద్దావిడ వచ్చి, అడక్కుండానే స్టూలు మీద కూర్చుంది.

"డాక్టర్లు కింద ఉంటారు మామ్మగారూ. ఇది పాత కేసు షీట్ల గది," అంది కంప్యూటరమ్మాయి తల తిప్పకుండా.

"తెలుసమ్మా. షీట్లన్నీ కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించావట కదా, ఓసారి చూసి పోదామని."

"చూడ్డానికి ఇక్కడేమన్నా సినిమా ఆడుతోందా?"

అంతలో నర్సు పరుగున వచ్చింది.

"మూడో వార్డులో తాపీమేస్త్రి. ఒంటి మీద స్పృహ లేదు, వెంట మనిషి లేడు. జేబులో మన పాత చీటీ ఉంది, నంబరు ఇదిగో. పెన్సిలిన్ ఇవ్వాలి, పడని మందేమన్నా ఉందేమో చూడు తల్లీ!"

ఆ షీట్లలో ప్రతి మాటకీ ముందూ వెనకా, అదేమిటో చెప్పే ట్యాగులున్నాయి. పేరుకి పేరు ట్యాగు, మందుకి మందు ట్యాగు, ఒకదాని కడుపులో ఒకటి.

అమ్మాయి టకటకా కొట్టింది: ఆ నంబరు షీటు, ఒక వాలుగీత, పడని మందు.

స్క్రీన్ ఖాళీ.

"ఏమీ లేదు సిస్టర్. ఇచ్చెయ్యండి."

నర్సు వెళ్ళిపోయింది.

"ఒక్క గీతే పెట్టావమ్మా," అంది పెద్దావిడ మెడ సాచి. "ఒక గీతంటే గడపలో నిలబడి కేకేసినట్టు. రెండు పెట్టు, గదిగదీ వెతుకుతుంది. కొన్ని షీట్లలో ఆ మాట డాక్టరు గమనిక లోపలెక్కడో ఉంటుంది."

"నాలుగేళ్ళు ఇదే చదివొచ్చాను మామ్మగారూ! పప్పుల డబ్బాలు సర్దడం కాదిది. ఇక దయచేయండి."

పెద్దావిడ లేచి గబగబా వెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పింది తప్పు అని తేల్చడానికే అమ్మాయి రెండో గీత కొట్టింది.

ఒక్క వరుస వచ్చింది: పెన్సిలిన్ పడదు, ప్రాణాపాయం.

అమ్మాయి పడుతూ లేస్తూ వార్డుకి పరిగెత్తింది.

మేస్త్రి ఛాతీ కదులుతోంది. సిరంజి ట్రేలో నిండుగానే ఉంది.

"ఆ మామ్మగారు నా చెయ్యి పట్టేసుకున్నారు," అంది నర్సు. "నువ్వు ఇంకోసారి చూసేదాకా వదలనన్నారు. నువ్వు రావడం చూసి, అటు మెట్లు దిగి వెళ్ళిపోయారు."

అమ్మాయి గేటు దాకా పరిగెత్తింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

తిరిగొచ్చి, ఆ స్టూలు వైపు చూడలేక తల దించుకుంది.

"అయ్యో, వెళ్ళిపోయారా?" అన్నాడు సంగతి విని వచ్చిన రికార్డుల గుమాస్తా. "ఈ నలభై వేల షీట్లకీ ట్యాగులు కట్టింది ఆవిడేనమ్మా. ఎవరూ రమ్మనకుండానే పదకొండేళ్ళు వచ్చారు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవారు."

ఆవిడ అన్నిటికంటే ముందు ట్యాగులు కట్టిన షీటుని అమ్మాయి తెరిచింది.

రోగి వయసు పందొమ్మిది.

పడని మందు, ఇచ్చిన మందు, ఆ రెండు చోట్లా ఒకే పేరుంది. తల్లి, ట్యాగులు కట్టినవారు, అక్కడా ఒకే పేరుంది.