పదకొండు రోజులు తిరిగిన చక్రం

"ఎంత?" అడిగాడు లేతు మిషను టర్నరు.

"నిమిషం ఇరవై సెకన్లు," అన్నాడు వాచీ మేస్త్రి. "పోయిన ఆదివారం కన్నా మూడు సెకన్లు ఎక్కువ."

చక్రం ఆగిపోయింది. అంచు చుట్టూ ఏటవాలుగా బిగించిన అయస్కాంతాలు ఏమీ ఎరగనట్టు మెరుస్తున్నాయి.

"అది తిరగదు నాయనా."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. షెడ్డు గుమ్మంలో ఒక ముసలావిడ. భుజాన గుడ్డ సంచీ. చెప్పుల నిండా దుమ్ము.

"ఎవరు కావాలి పెద్దమ్మా?"

"ఎవరూ వద్దు. కాసేపు కూర్చుంటాను."

టర్నరు స్టూలు మీది ఇనప రజను తుడిచి, ఆవిడ వైపు జరిపాడు.

"తిరగదని అంత గట్టిగా చెబుతున్నారే! గోడ మీద ఆ నక్షా చూశారా? అది గీసిన పెద్దాయన చక్రం పదకొండు రోజులు తిరిగింది. కరెంటు లేదు, పెట్రోలు లేదు. ఒట్టి అయస్కాంతాలు!"

"ఎవరు చూశారు?"

"ఆయనే. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. అడిగినవాళ్లందరికీ నక్షా పోస్టులో పంపాడు, పైసా తీసుకోకుండా."

ముసలావిడ లేచి నక్షా దగ్గరికి వెళ్లింది. కింద ఉన్న సంతకం మీద వేలు పెట్టింది.

"అయ్యయ్యో, ముట్టుకోకండి! ఆ కాగితం మాకు ప్రాణం."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీ భార్య వస్తుందా ఇక్కడికి?"

"ఆవిడా? ఈ చక్రం మొహం కూడా చూడదు. నా సవతి అంటుంది."

వాచీ మేస్త్రి పగలబడి నవ్వాడు. ముసలావిడ నవ్వలేదు.

"పోనీలే. మంచిదే," అంది.

"రేపు వీడు ఉద్యోగం మానేస్తున్నాడు పెద్దమ్మా. ఇక రోజంతా ఈ సవతి దగ్గరే కాపరం."

ఆవిడ మొహం మారిపోయింది.

"వద్దు నాయనా. ఉద్యోగం మాత్రం మానకు."

"ఎందుకని?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. నక్షా వంక చూసి ఆగిపోయింది.

"ఊరికే," అంది.

వాచీ మేస్త్రి స్నేహితుడి చెవిలో గొణిగాడు. "ఒరేయ్, కరెంటు కంపెనీవాళ్లు పంపిన మనిషేమోరా!"

టర్నరుకు అంతవరకూ ఆ అనుమానం రాలేదు. వచ్చాక ఊరుకోలేకపోయాడు.

"పెద్దమ్మా, మాకు చాలా పనుంది. మీరు బయల్దేరండి."

ఆవిడ నొచ్చుకోలేదు. "ఇద్దరూ ఏమైనా తిన్నారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున్నే టర్నరు రాజీనామా ఇచ్చేశాడు.

నాలుగు నెలలయినా చక్రం రెండు నిమిషాలు దాటలేదు. వాచీ మేస్త్రి రావడం తగ్గించాడు. టర్నరుకు మాట తగ్గింది, తిండి తగ్గింది. ఎన్నడూ షెడ్డు గడప తొక్కని భార్య టీ గ్లాసు పట్టుకుని రావడం మొదలుపెట్టింది. ఒకసారి చక్రాన్ని, ఒకసారి మొగుడి మొహాన్ని చూస్తూ నిలబడేది.

ఒక మధ్యాహ్నం అతను బల్ల మీద తల వాల్చి కునుకు తీశాడు. లేచేసరికి చక్రం తిరుగుతోంది!

"ఎంతసేపయింది?"

"మీరు పడుకున్నప్పటి నుంచీ. గంట దాటింది. ఆగనే లేదు," అంది భార్య, గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ.

ఆ పూట టర్నరు కడుపునిండా తిన్నాడు. మళ్లీ మళ్లీ వడ్డించింది భార్య.

వారం తిరక్కుండా పెద్దాయనకు ఉత్తరం రాశాడు. 'మీరు గీసింది నిజమండీ! దీనికోసం ఉద్యోగం మానేసినందుకు ఇప్పుడు బాధ లేదు. ఒక్కటే సందేహం. నేను మెలకువగా ఉంటే రెండు నిమిషాలకే ఆగిపోతోంది. ఎందుకంటారు?'

జవాబు పెద్దాయన బావమరిది దగ్గర్నుంచి వచ్చింది. టర్నరుకు కళ్లజోడు దొరకలేదు. భార్యను చదవమన్నాడు.

"'బావ పోయి మూడేళ్లయింది. ఉండి ఉంటే మీ ఉత్తరానికి అక్కే జవాబు రాసేది, పోయిన నెల తనూ పోయింది. నక్షా తెప్పించుకున్నవాళ్ల చిరునామాలు పట్టుకుని రెండేళ్లు బస్సులెక్కి తిరిగింది. ఉన్న నిజం చెప్పేయాలని వెళ్లేది. బావ సంతకం కనబడగానే ఆయన పేరు పాడుచేయడానికి నోరు రాక తిరిగొచ్చేది. మీ దగ్గరికీ వచ్చింది. స్టూలు తుడిచి కూర్చోబెట్టారని చెప్పింది. మీరు ఉద్యోగం మానేశారని తెలిస్తే...'"

భార్య చదవడం ఆపేసింది. కళ్లు మాత్రం కింది వరుసల మీదికి జారాయి. మొహం ఎర్రబడింది.

"మిగతాది మీరే చదువుకోండి," అంటూ కాగితం అతని చేతిలో పెట్టి, తల తిప్పుకుంది.

టర్నరు దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

'బావ కునుకు తీసినప్పుడల్లా, లేచేసరికి ఆయన మొహం చిన్నబోకూడదని, పదకొండు రోజులూ ఆ చక్రాన్ని వేలితో తిప్పుతూ కూర్చున్నది మా అక్కే.'