గోడవార చెత్త

“ముక్కు మూసుకోకండి సార్. పీల్చండి, బాగా పీల్చండి. ఈ కంపుకేనా మీరు మెయిన్ రోడ్డు రేటు కట్టింది?”

నరసింగరావు ప్రహరీ గోడ అవతలికి చెయ్యి చూపిస్తూ అరిచాడు. కార్పొరేషన్ ఇన్‌స్పెక్టర్ సతీష్‌కుమార్ మాత్రం ముక్కు మీంచి కర్చీఫ్ తియ్యలేదు. ఎలా తీస్తాడు? భిలాయ్ ఊళ్ళో, కోహ్కా పేటలో ఆ సందు మలుపులో, నరసింగరావు మేడ గోడని ఆనుకుని మోకాలెత్తున చెత్త. పిగిలిన కవర్లలోంచి పాచిపోయిన అన్నం, కుళ్ళిన కూరగాయ తొక్కలు జారి, రసం కారి, రోడ్డంతా జిడ్డు కట్టింది. దాని నడుమ ఒక పంది నింపాదిగా పడుకుని ఉంది. ఛీ! మనుషులుండే చోటేనా అది?

ఉక్కు కర్మాగారంలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి నరసింగరావు. ఇంటి పన్ను రెట్టింపు చేస్తూ నోటీసు రాగానే ఊరుకోలేదు. ‘నా ఇంటి విలువ ఎక్కువ కట్టారు, కావాలంటే వచ్చి చూసుకోండి’ అని అప్పీలు పెట్టాడు. ఆ చూసుకోవడానికే వచ్చాడు సతీష్‌కుమార్. భిలాయ్‌లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, మాట సగం హిందీలోకి జారిపోతుంది.

“బాత్ సహీ హై, అంకుల్. ఈ గందగీ పక్కన ఎవరూ కిరాయికి కూడా రారు. వెనక బస్తీ రేటు రాసేస్తాను. మీ టాక్స్ ఆధా, సగానికి దిగిపోద్ది.”

నరసింగరావు మొహం విప్పారింది.

“పన్ను తగ్గిస్తే తగ్గించేవు గానీ బాబూ, ఇది పోసేవోళ్ళనేటి చేస్తావు?” గేటు దగ్గర్నుంచి అడిగింది ఆయన భార్య రజనీకుమారి. పైట కొంగు ముక్కుకి అదిమి పట్టుకుంది. “ఓ పక్క ఆ నోటీసు, ఓ పక్క ఈ దరిద్రం, రెండూ ఒక్కసారే దాపురించాయి మాకు. అప్పట్నుంచీ ఇటేపు కిటికీ తియ్యలేదు నేను.”

“ఎవరు పోస్తున్నారాంటీ?”

“ఇంకెవరు? అదిగో, ఆ మహాతల్లి!”

ఎదురింటి వందన అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రాయ్‌పూర్ నుంచి వచ్చి బట్టల కొట్టు పెట్టుకున్న కుటుంబం వాళ్ళది. ఈ చెత్త పుట్టకముందు ఆడవాళ్ళిద్దరికీ మంచి స్నేహం. రజనీకుమారి దగ్గరే వందన తెలుగు నేర్చుకుంది.

“మేము కాదు దీదీ. నా పిల్లల కసమ్,” అంది వందన.

“ఒట్లొకటి మళ్ళీ! మీ ఆయన ఏనాడైనా కచరా గాడీ మొహం చూసేడా? మా ఆయన్ని చూసి నేర్చుకోండి. నేను పాత చీర పేలికతో కవరు ముడేసిస్తే, పొద్దున్నే చెత్తబండి పాట వినపడగానే తనే పట్టుకెళ్ళి వేసొస్తారు. ఇంత పెద్దాయన! సిగ్గుండాలి మనుషులకి. థూ!”

వందన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికి పోలేదు, అక్కడే నిలబడింది.

“పోనిద్దూ రజనీ,” అన్నాడు నరసింగరావు పెద్దమనిషిలా. “ఇరుగుపొరుగన్నాక సర్దుకుపోవాలి. సార్, మీరు రాయండి.”

“ఏటి పోనిచ్చేది? ఇయ్యాల తేలిపోవాల!”

రజనీకుమారి గేటు పక్కనున్న బూజుకర్ర అందుకుని బయటికొచ్చింది. పందిని అదిలించింది. పైనున్న కవరుని కర్రతో తన వైపు లాగింది.

“ఒద్దు!” నరసింగరావు ఒక్క అంగలో అడ్డమొచ్చాడు. “రోగాలొస్తాయే! ఇన్‌స్పెక్టరు గారి ముందు చెత్త కెలకడమేటి నువ్వు? లోపలికెళ్ళు!”

ఆవిడ వింటేగా. కర్ర మొన దిగి కవరు కడుపు చీలింది. నిన్నటి చేప పేగులు, పొలుసులు బొళుక్కున బయటపడ్డాయి. ఈగలు గుంపుగా లేచాయి. సతీష్‌కుమార్ పక్కకి తిరిగి ఖాండ్రించి ఉమ్మేశాడు.

“మచ్ఛీ!” వందన గుమ్మం దిగి పరిగెత్తుకొచ్చింది. “చూడండి దీదీ! మా ఇంట్లో ఉల్లిపాయ కూడా తినరు, మీకు తెలీదా?”

“అయితే వెనక సందువాళ్ళై ఉంటారు. అందరూ అందరే,” అన్నాడు నరసింగరావు గబగబా. “మనకెందుకు సార్ ఈ రోత? సంతకం పెట్టెయ్యండి.”

సతీష్‌కుమార్ ఫైలు తెరిచి స్కూటర్ సీటు మీద పెట్టాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

రజనీకుమారి కర్ర పడేసింది. ముక్కు మీంచి కొంగు జారిపోయినా చూసుకోలేదు. వంగి, చీలిన కవరుని రెండు వేళ్ళతో పైకెత్తింది. మూతికి ఆకుపచ్చ పేలిక బిగించి ఉంది. పక్క కవరు చూసింది. దాని కింద కవరు చూసింది. ఆ కింద నుజ్జయిపోయిన కవర్లు చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. ఆయన రోడ్డు మలుపు కేసి చూస్తున్నాడు.

“సారీ ఆంటీ, చెత్త ఎవరిదైనా సరే, మీ టాక్స్ పని అయిపోయినట్టే,” అంటూ సతీష్‌కుమార్ పెన్ను కాగితం మీద ఆనించాడు.

“ఆగు బాబూ, పెట్టకు,” అంది రజనీకుమారి. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు, ఒట్టి అసహ్యం. “వందనా, నన్ను క్షమించమ్మా. ఈ ముడులన్నీ నేనేసినవే. రోజూ పొద్దున్నే ఈయన చేతికిచ్చినవే.”