జనరేటర్ గారు

"శబ్దం నా దిండు దాకా వచ్చిందంటే నేను ఇంట్లోనే ఉండిపోతా. మీరూ మీ సముద్రమూ ఊరేగండి," అంది భార్య.

భర్త తెరచాప పడవ మధ్యలో నిలబడి తల గోక్కున్నాడు.

పడవ పాతదే. వాళ్ళ చేతికి వచ్చింది మాత్రం పోయిన వారమే. ఉద్యోగాలు అయిపోయాయి కనుక ఇక తీరం వెంబడి ఊళ్ళు చూస్తూ తిరగాలని ఇద్దరి కోరిక.

చిక్కంతా ఆయన గురకతో వచ్చింది.

గురకకు డాక్టరు ఒక మిషన్ రాసిచ్చాడు. పడుకునేటప్పుడు ముక్కుకు తగిలించుకోవాలి. మిషన్‌కు కరెంటు కావాలి. నీళ్ళ మీద కరెంటంటే డీజిల్ జనరేటర్ పెట్టుకోవాలి.

"గురక ఆపడానికి జనరేటరా? గురకే నయం కదండీ!"

"నీకు నయమే. నిద్రలో ఊపిరి ఆగేది నాకు."

ఆ మాటకు ఆమె మెత్తబడింది. షరతు మాత్రం వదల్లేదు.

కాసేపట్లో మెకానిక్ వస్తాడు. ఎక్కడ చూపిస్తే అక్కడ చెక్క కోసేస్తాడు. కోశాక అయ్యో అనుకుని లాభం లేదు.

"శబ్దం ఒక్కటే కాదు. తప్పు చోట పెడితే పడవ ఒరిగిపోతుంది. ముందే ఎలా తెలుస్తుంది?" అన్నాడు భర్త.

"ఎంత బరువుంటుందేం?"

"ఓ భారీ మనిషంత."

ఇద్దరూ ఒకేసారి గట్టు వైపు చూశారు.

గట్టు మీది బెంచీ మీద పొద్దున్నుంచీ ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ముగ్గురు పట్టే బెంచీలో ఆయన పక్కన పిల్లి కూర్చునేంత చోటు మిగిలింది.

"మాస్టారూ! ఏమీ అనుకోకపోతే... కాసేపు మా జనరేటర్‌గా ఉంటారా?"

ఎందుకని కూడా అడగలేదు ఆయన. అప్పటికే లేచి నిలబడ్డాడు.

పడవ లోపలి గది గుమ్మం బాగా పొట్టిది. భర్త అలవాటుగా దానికి నుదురు తగిలించుకున్నాడు. వెనక వస్తున్న పెద్దాయన ఎటో చూస్తూనే తల వంచి లోపలికి దిగాడు.

"చూసి నేర్చుకోండి," అంది భార్య.

ముందు ఆయన్ని పడక గది వెనకున్న సామాన్ల అరలో కూర్చోబెట్టారు. భార్య మంచం మీద దిండుకు చెవి ఆనించి పడుకుంది. భర్త గట్టు మీదికి వెళ్ళి పడవను చూశాడు.

"తోక మునుగుతోంది!" అని అరిచాడు.

"శబ్దం చెయ్యండి అన్నయ్య గారూ!"

"ఏం శబ్దమమ్మా?"

"జనరేటర్ శబ్దమే!"

"డుగు డుగు డుగు డుగు..."

"వద్దు బాబోయ్! మా ఆయన్ని ఇద్దర్ని చేసినట్టుంది!"

తర్వాత ముందు వైపు కొసన కూర్చోబెట్టారు.

"ఇప్పుడు ముక్కు మునుగుతోంది! జనరేటర్ గారూ, కొంచెం ఊపిరి బిగపట్టండి!"

"బిగపడితే బరువు తగ్గుతుందా సార్?"

"ఏమో, ప్రయత్నించండి!"

మూడోసారి భర్త లోపలి కిటికీ చూపించాడు. దాని పక్కన నునుపు తేలిన చెక్కబల్ల ఉంది. "ఈ బల్ల కోసేసి ఇక్కడ పెడితే?"

పెద్దాయన ఆ బల్ల మీద కూర్చున్నాడు.

భర్త గట్టు మీది నుంచి చప్పట్లు కొట్టాడు. "అటు నీళ్ళ ట్యాంకు, ఇటు ఈయన! తక్కెడలా నిలబడింది!"

భార్య దిండు మీద చెవి పెట్టింది. ఏమీ వినబడలేదు. మరో చెవి పెట్టింది. అసలు వినబడలేదు.

"ఇదేనండీ చోటు! చీమ చిటుక్కుమన్నట్టు కూడా లేదు!"

ఆనందంగా లేచి వచ్చి చూసింది. పెద్దాయన బల్ల మీద అరచెయ్యి ఆనించి, కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తున్నాడు.

"అన్నయ్య గారూ, మీరసలు శబ్దం చేశారా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "మర్చిపోయానమ్మా."

"బాగుంది! జనరేటరే పనిచెయ్యడం మర్చిపోతే ఎలాగండీ?"

"ఇక్కడ వద్దమ్మా."

"ఏం? పడవ సరిగ్గా నిలబడిందిగా?"

"ఇక్కణ్ణుంచి నీళ్ళు బాగా కనపడతాయి. జనరేటర్‌కి కిటికీ ఎందుకు?"

ఆమె పకపకా నవ్వింది. భర్తను పిలిచి ఆ మాటే చెప్పింది. ఆయన కూడా నవ్వాడు.

"అయితే ఎక్కడ పెట్టమంటారు?"

"మెట్ల కింద చూడండి."

మెట్ల కింద ఇంజను పక్కన కాస్త ఖాళీ ఉంది. పెద్దాయన మూలుగుతూ ఒదిగి కూర్చున్నాడు. జనరేటర్‌కు శబ్దం బయటికి రాకుండా మెత్తటి పెట్టె ఉంటుంది కదా అని, ఆమె బొంత తెచ్చి ఆయన మీద కప్పేసింది.

"డుగు డుగు డుగు..." బొంత కింద నుంచి సన్నగా వినిపించింది.

దిండు దగ్గర ఇంకా సన్నం. గట్టు మీది నుంచి చూస్తే పడవ తొణకలేదు.

"వస్తానండీ! మీతోనే వస్తా!" అంటూ భార్య మంచం మీద లేచి కూర్చుంది.

అంతలో మెకానిక్ వచ్చాడు. ఇద్దరూ ఒకరి మాటకొకరు అడ్డొస్తూ చోటు చూపించారు. ఇటు తిరిగేసరికి మెట్ల దగ్గర మడత పెట్టిన బొంత ఉంది. పెద్దాయన లేడు. బెంచీ కూడా ఖాళీగా ఉంది.

"అయ్యో, మంచినీళ్ళయినా ఇవ్వలేదండీ. పేరైనా అడగలేదు."

"రేపు మళ్ళీ వస్తాడులే."

సాయంత్రం పడవ అమ్మిపెట్టిన బ్రోకరు వచ్చాడు. రెండో తాళంచెవి చేతికిచ్చాడు.

"పాత యజమాని పొద్దున తెచ్చిచ్చాడు సార్. ఇప్పుడే బస్సెక్కాడు, ఇక ఇటు రానన్నాడు. పర్వతమంత మనిషి, అంతకు మించి మొండిఘటం."

భార్య చేతిలో బొంత అలాగే ఉండిపోయింది.

"ఆయనా, వాళ్ళావిడా కలిసి కట్టుకున్న పడవట ఇది. ఆవిడ పోయారట. ఒక్కసారి లోపలికెళ్ళి ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని వస్తానని ఒకటే బతిమాలాడు. కొన్నవాళ్ళకు ఇబ్బంది కదా అని, ఆ బెంచీ దగ్గరే ఆపేశానమ్మా."